వాగ్గేయకారుని ద్విపౌరసత్వం: వంగపండు పాట, ఉత్తరాంధ్ర శ్రోతల వాదాలు

ప్రవేశిక

వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. నివాళులర్పించినవారిలో పాలకపక్షంవారు, ప్రతిపక్షంవారు, వామపక్షాలవారు, సినిమారంగంవారు, జానపద కళాకారులు అందరూ ఉన్నారు. ఒకనాడు రాజ్యాన్ని ధిక్కరించిన పాటకు రాజ్యం నడిపేవారే జోహారు చెప్పడం తెలుగు సమాజానికి కొత్త కాదు. అయితే అటువంటి ప్రతి సందర్భంలోనూ శ్రోతల మధ్య ఒక ప్రశ్న లేస్తుంది: ఇంతకీ ఆయన ఎవరి మనిషి? ఉద్యమం మనిషా, ఊరి మనిషా, సినిమా మనిషా? సంస్మరణ సభ ముగిసి జనం చెదిరేటప్పుడు, టీకొట్టు బల్ల మీద, పెళ్లి ఊరేగింపులో ఆయన పాట మోగుతున్నప్పుడు ఈ ప్రశ్న మీద వాదం నడుస్తుంది.

తెలుగు విమర్శ ఉద్యమగేయాన్ని వస్తువు దృష్ట్యా, శిల్పం దృష్ట్యా, ఉద్యమచరిత్ర దృష్ట్యా విస్తృతంగానే పరిశీలించింది. పాటగాని రాజకీయాల గురించి శ్రోతలు చేసుకునే వాదాలను మాత్రం గాలిమాటలుగా వదిలేసింది. అవి వ్యక్తిగత విషయాలనీ, రచనకు బయటివనీ భావించింది. ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు 'ద్విపౌరసత్వం' అనే న్యాయశాస్త్ర భావనను ఇక్కడ విమర్శ పరికరంగా స్వీకరించడం జరిగింది. రాజ్యం ఇచ్చే పౌరసత్వం మొదటిది. ఓటు, ఉద్యోగం, అవార్డు, పాట మీద చట్టబద్ధమైన హక్కు దాని పరిధిలోనివి. శ్రోతలు ఇచ్చే పౌరసత్వం రెండవది. 'మనోడు' అన్న ఒక్క మాటతో అది లభిస్తుంది; ఆ మాట వెనక్కి తీసుకుంటే పోతుంది. ప్రజావాగ్గేయకారుడు ఈ రెండింటినీ ఏకకాలంలో మోస్తాడు. వీటి మధ్య ఘర్షణ గురించి శ్రోత అడిగే ప్రశ్న పాటకు బయట పుట్టినది కాదని, పాట శ్రోతను అడిగిన ప్రశ్నకే అది ప్రతిధ్వని అని నిరూపించడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది.

చట్టం ఎరిగిన పౌరసత్వం

భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారని రాజ్యాంగం 9వ అధికరణం చెబుతుంది. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షను అదే సూత్రాన్ని కొనసాగించింది. అమెరికా సమాఖ్యలో దేశ పౌరసత్వంతో పాటు రాష్ట్ర పౌరసత్వం ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. రాజ్యాంగం దృష్టిలో ఆంధ్ర పౌరుడు, ఉత్తరాంధ్ర పౌరుడు అన్నవారు లేరు.

అయినా రెండవ పౌరసత్వం కోసం ఆరాటం ఆగలేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారి కోసం ఓసీఐ పథకం 2005లో అమలులోకి వచ్చింది. 'ప్రవాస భారతీయ పౌరసత్వం' అని పేరున్నా అది నిజానికి పౌరసత్వం కాదు. ఓసీఐ కార్డు ఉన్నవారికి ఓటు లేదు, రాజ్యాంగ పదవులు లేవు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. ఈ మూడు మినహాయింపులూ సాహిత్య విద్యార్థి గమనించదగినవి. ఓటు, పదవి, భూమి: ఉద్యమగేయానికి ప్రధాన వస్తువులు ఇవే. ప్రవాసాంధ్రుల సభలో ఉత్తరాంధ్ర పాట విని కంటతడి పెట్టిన శ్రోత ఆ పాటలోని భూమిని కొనలేడు, దాని కోసం ఓటు వేయలేడు. పాట మీద మాత్రం అతని హక్కును ఏ చట్టమూ తగ్గించదు. చట్టం ఇవ్వని రెండవ పౌరసత్వాన్ని పాట ఇస్తున్నది.

గాయకుని పౌరసత్వం శ్రోతల చర్చకు వస్తువైన సందర్భాల్లో అద్నాన్ సమీది ప్రసిద్ధం. 2001లో సందర్శక వీసా మీద ఈ దేశానికి వచ్చిన ఆయనకు 2016 జనవరి 1 నుంచి భారత పౌరసత్వం లభించింది. 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆయన జన్మ, పూర్వపౌరసత్వం, రాజకీయాభిప్రాయాలు దేశవ్యాప్తంగా వాదానికి వచ్చాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2012లో, 'జులాయి' చిత్రంలో ఆయన తెలుగు పాట పాడారు. అప్పటికి ఆయన భారత పౌరుడు కారు. ఆ పాట విన్న తెలుగువారికి పాస్‌పోర్టు గుర్తుకు రాలేదు. ప్రశ్న లేచింది రాజ్యం బిరుదు ఇచ్చినప్పుడు. ఈ తేడా ముఖ్యమైనది. ప్రేమపాట శ్రోతను ఏమీ కోరదు, కనుక శ్రోత కూడా గాయకుణ్ణి ఏమీ అడగడు. బిరుదు మాత్రం దేశం పేరు మీద వస్తుంది, కనుక దేశం గురించిన ప్రశ్న దాని వెంట వస్తుంది.

పాల్ రోబ్సన్ ఉదంతం మరొక వైపు చూపుతుంది. ఆయన రాజకీయాల కారణంగా అమెరికా ప్రభుత్వం 1950లో ఆయన పాస్‌పోర్టును రద్దు చేసింది. 1952లో ఆయన కెనడా సరిహద్దు వద్ద అమెరికా గడ్డ మీదే నిలబడి అటువైపు శ్రోతలకు కూడా పాడారు. 1957లో సముద్రగర్భ టెలిఫోన్ తీగ ద్వారా వేల్స్ గని కార్మికులకు పాట వినిపించారు. 1958లో గానీ పాస్‌పోర్టు తిరిగి రాలేదు. దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా పాస్‌పోర్టు 1960లో రద్దయింది. తర్వాత అనేక దేశాలు ఆమెకు తమ పాస్‌పోర్టులు, గౌరవ పౌరసత్వాలు ఇచ్చాయి. ఒక రాజ్యం లాక్కున్నదాన్ని శ్రోతలూ ఇతర రాజ్యాలూ వేరే రూపంలో తిరిగి ఇవ్వడం ఈ ఇద్దరి జీవితాల్లోనూ కనిపిస్తుంది.

తెలుగు నేలలో ఈ ప్రశ్న పాస్‌పోర్టు రూపంలో అరుదుగా వస్తుంది. 'స్థానికత' రూపంలో నిత్యం వస్తుంది. రాజ్యాంగానికి 32వ సవరణ ద్వారా చేరిన 371-డి అధికరణం, దాని కింద 1974, 1975లలో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఆంధ్రప్రదేశ్‌లో చదువుకూ ఉద్యోగానికీ 'లోకల్' అనే హోదాను నిర్వచించాయి. ఉత్తరాంధ్ర మొదటి జోను అయింది. రాష్ట్ర పౌరసత్వం లేదన్న దేశంలో తెలుగువారు స్థానికతను దాదాపు పౌరసత్వమంత గాఢంగా అనుభవిస్తూ వచ్చారు. 'ఎవరి మనిషి' అన్న ప్రశ్నకు ఇంత బలం ఉండడానికి ఇది ఒక కారణం.

గజపతినగరం: సరిహద్దులు కదిలిన నేల

వంగపండు జన్మస్థలం పార్వతీపురం సమీపంలోని పెదబొండపల్లి. ఆయన పుట్టిన 1943లో ఆ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అందులో చేరింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడగా అక్కడికి మారింది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఊరు కదలలేదు, ఎనభై ఏళ్లలో నాలుగు జిల్లాల పేర్లు దాని మీదుగా నడిచాయి.

పార్వతీపురానికీ విజయనగరానికీ మధ్య దారిలో ఉన్న గజపతినగరం చరిత్ర ఈ విషయంలో మరింత అర్థవంతమైనది. 1969 నవంబరులో సాలూరు తాలూకా నుంచి 63 గ్రామాలను, బొబ్బిలి తాలూకా నుంచి 44 గ్రామాలను శ్రీకాకుళం జిల్లా నుంచి విడదీసి, కొత్తగా ఏర్పడిన గజపతినగరం తాలూకాలో చేర్చారు. ఆ తాలూకా అప్పుడు విశాఖపట్నం జిల్లాలోది. అంటే శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో 107 గ్రామాలవారు పరిపాలనపరంగా 'శ్రీకాకుళంవారు' కాకుండా పోయారు. మరుసటి నెలలోనే, 1969 డిసెంబరులో, జముకుల కథను ఆ పోరాటానికి ఆయుధంగా మలచిన కవి సుబ్బారావు పాణిగ్రాహి కాల్పుల్లో మరణించారు.

ఈ రెండు ఘటనలకూ కార్యకారణ సంబంధం ఉందని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. వాటి సామీప్యం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. 'శ్రీకాకుళం' అన్న మాట అప్పటికే రెండు అర్థాలు సంతరించుకున్నది. ఒకటి రెవెన్యూ రికార్డులోని జిల్లా. రెండవది పాటల్లో, కరపత్రాల్లో, కవిత్వంలో మోగిన రాజకీయ నామం. మొదటి శ్రీకాకుళం హద్దును ఒక ఉత్తర్వుతో జరపవచ్చు. రెండవదాని హద్దు పాట వినిపించినంత మేర. పార్వతీపురం 1979లో శ్రీకాకుళం జిల్లా నుంచి బయటికి వచ్చినా వంగపండు నేటికీ 'శ్రీకాకుళ ఉద్యమ' వారసుడిగానే సాహిత్య చరిత్రలో నిలిచారు. పాణిగ్రాహి ఇంటిపేరు ఒడియా, ఆయన కథ చెప్పింది తెలుగులో. ఆయన ఎటువాడన్న సందేహం విన్నవారికి రాలేదు.

గజపతినగరానికి మరొక ప్రత్యేకత ఉంది. అది రెండు సంగీత సంప్రదాయాల మధ్య ఊరు. ఒకవైపు విజయనగరం. 1919లో అక్కడ వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ బోధించారు. ఘంటసాల అక్కడే సంగీతం అభ్యసించారు. పి. సుశీల ఆ ఊరి ఆడపడుచు. మరొకవైపు పార్వతీపురం, దాని వెనుక కొండలు, జముకు, డప్పు, తూర్పు భాగోతం. ఈ ప్రాంతపు శ్రోత ఒక చెవితో ఘంటసాలను, మరొక చెవితో వంగపండును విన్నవాడు. కనుక ఈ ఇద్దరి రాజకీయాల గురించి అతని మాట ఎలా వేరుపడుతుందో గమనించడం ప్రయోజనకరం.

ఘంటసాల 1942 ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. శ్రోతల సంభాషణలో ఆ జైలు జీవితం ఆయనకు ఒక అలంకారంగా వస్తుంది; దాని మీద వాదం ఉండదు. ఆయన ఏ రాజ్యం కోసం జైలుకు వెళ్లారో ఆ రాజ్యం ఐదేళ్లలో ఏర్పడింది. అందువల్ల ఆయన రెండు పౌరసత్వాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వంగపండు పాట కోరుకున్న రాజ్యం ఏర్పడలేదు. అందువల్ల ఆయన రెండు పౌరసత్వాలూ చివరిదాకా విడివిడిగానే ఉండిపోయాయి. గాయకుని రాజకీయాలు ప్రశ్నగా మారడమా, పతకంగా మారడమా అన్నది గాయకుని నిజాయితీ కంటే చరిత్ర ఫలితం మీద ఎక్కువ ఆధారపడుతున్నది.

సహృదయుడు, అభిమాని

భారతీయ అలంకారశాస్త్రం శ్రోతకు 'సహృదయుడు' అని పేరు పెట్టింది. రసానుభూతికి సాధారణీకరణం అవసరమని ఆ శాస్త్రం చెబుతుంది. దుష్యంతుని ప్రేమ దుష్యంతునిది కాకుండా పోయినప్పుడే సామాజికునికి శృంగారం ఆస్వాద్యమవుతుంది. దేశకాలవ్యక్తుల విశేషాలు కరిగిపోవడం అక్కడి సూత్రం. సహృదయుడు కవి ఎవరికి ఓటు వేశాడని అడగడు, అడిగితే రసభంగం.

ఉద్యమగేయం ఈ సూత్రానికి ఎదురు నడుస్తుంది. దానికి విశేషం కావాలి. ఏ ఊరు, ఏ భూస్వామి, ఏ కూలిరేటు, ఏ కొండ అన్నది చెప్పకపోతే అది పని చేయదు. అది శ్రోతను పేరు పెట్టి పిలిచినంత దగ్గరగా పిలుస్తుంది. అక్కడి శ్రోతను సహృదయుడు అన్న మాట పూర్తిగా పట్టుకోలేదు.

'అభిమాని' అన్న వాడుకమాట అంతకంటే దగ్గరగా వస్తుంది. సంస్కృతంలో అభిమానమంటే 'నేను, నాది' అన్న భావన, గర్వం. తెలుగు వాడుకలో అది ప్రేమ కూడా. స్వాభిమానం, భాషాభిమానం, దురభిమానం అన్న మాటల్లో ఈ రెండు ఛాయలూ కలిసే ఉన్నాయి. అభిమాని గాయకుణ్ణి ప్రేమించడంతో ఆగడు. తన ఆత్మగౌరవంలో కొంత భాగాన్ని గాయకుని వద్ద దాచుకుంటాడు. గాయకుడు తప్పటడుగు వేశాడనిపిస్తే అభిమానికి కోపం కంటే ముందు సిగ్గు కలగడానికి కారణం ఇదే. తెలుగు సినిమా అభిమాన సంఘాలకూ ఎన్నికల రాజకీయాలకూ మధ్య ఉన్న బంధాన్ని ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు విపులంగా చర్చించారు. ఉద్యమగేయపు అభిమానికి సంఘం లేదు, కటౌట్ లేదు. అతని వద్ద ఉన్నది పాట జ్ఞాపకం, దాని ఆధారంగా అడిగే హక్కు మాత్రమే.

రెండు వాదాలు, రెండు పరిమితులు

శ్రోతల వాదాల్లో స్థూలంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. వీటిని నిరాకరణవాదం, ప్రక్షాళనవాదం అనవచ్చు. ఈ రెండూ స్పష్టంగా కనిపించే సందర్భం గద్దర్‌ది కనుక ముందు దానిని పరిశీలించడం అవసరం.

గుమ్మడి విఠల్‌రావు 'గద్దర్' అన్న పేరునే ఒక ధిక్కార పార్టీ పేరు నుంచి తీసుకున్నారు. బ్యాంకు ఉద్యోగం వదిలారు. అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో తిరిగి ప్రజల మధ్యకు వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటా ఆయన శరీరంలోనే ఉండిపోయింది. 2004లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య చర్చల్లో ప్రతినిధిగా ఉన్నారు. ఎన్నికలను బహిష్కరించమని పాడిన ఆయన 2018 డిసెంబరులో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, తొలిసారి ఓటు వేశారు. 2023లో సొంత పార్టీ ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 6న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వ సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టారు.

నిరాకరణవాది ఈ క్రమాన్ని చూసి, ఓటు వేసిన రోజున పాట చచ్చిపోయిందంటాడు. అతని దృష్టిలో పౌరసత్వం ఒక్కటే ఉండాలి. భారత పౌరసత్వ చట్టం 9వ సెక్షనుకూ అతని తర్కానికీ తేడా లేదు: రెండవది స్వీకరించిన క్షణాన మొదటిది రద్దు. రాజ్యాన్ని తీవ్రంగా వ్యతిరేకించే శ్రోత రాజ్యం చట్టాన్నే తన విమర్శసూత్రంగా తెలియకుండా అరువు తెచ్చుకుంటున్నాడన్నది ఇక్కడి వైరుధ్యం. పైగా ఈ వాదం ఒక కాలభ్రమకు లోనవుతుంది. 2018లో వేసిన ఓటు 1980ల నాటి పాటలోకి వెనక్కి నడిచి దాని అర్థాన్ని మార్చలేదు. ఆ పాట విని అప్పట్లో జీవితాలు మార్చుకున్నవారి నిర్ణయాలు గాయకుని తరువాతి నిర్ణయాలతో చెల్లకుండా పోవు.

ప్రక్షాళనవాది దీనికి వ్యతిరేక దిశలో వెళతాడు. రాజకీయాలు వదిలేయండి, గొంతు చూడండి, బాణీ చూడండి, ఆ దరువు చూడండి అంటాడు. వినడానికి ఇది ఉదారంగా ఉంటుంది. ప్రభుత్వ లాంఛనాలూ అవార్డులూ ఈ వాదం మీదనే నిలబడతాయి. పాటలోని ధిక్కారాన్ని కడిగేసి జానపద సౌందర్యాన్ని మిగుల్చుకుంటాయి. ఇది కూడా ఏకపౌరసత్వవాదమే. నిరాకరణవాది రాజ్యం ఇచ్చినదాన్ని సహించడు. ప్రక్షాళనవాది ఉద్యమం ఇచ్చినదాన్ని గుర్తుంచుకోడు.

వంగపండు విషయంలో ఈ రెండు వాదాలూ విఫలం కావడానికి ఆయన జీవితంలోనే ఆధారాలున్నాయి. ఆయన విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం, జననాట్యమండలిలో పాట: ఈ రెండూ కలిసే ఆయన రచనను రూపొందించాయి. యంత్రం ఎలా నడుస్తుందో వివరించే ఆయన ప్రసిద్ధ గేయాన్ని గ్రామీణ అనుభవం ఒక్కటే రాయించలేదు. ఇనుముతో పనిచేసిన చేతి జ్ఞానం దానిలో ఉంది. జీతం ఇచ్చిన మొదటి పౌరసత్వమే రెండవదానికి వస్తువు సమకూర్చింది. 'భూమి బాగోతం' పేరులో కూడా ఇటువంటి ద్విత్వం కనిపిస్తుంది. ఉత్తరాంధ్రకు భాగోతం ఒక ఆరాధ్య ప్రదర్శనకళ. వాడుకలో 'బాగోతం బయటపడింది' అంటే గుట్టు రట్టయిందని అర్థం. భక్తికళ పేరునే గుట్టువిప్పే మాటగా మార్చిన జనభాష మర్మం తెలిసిన కవి పెట్టిన పేరు అది. రూపం ఒక సంప్రదాయానికి చెందినది, లక్ష్యం మరొకదానికి చెందినది. రెండింటిలో దేన్ని తీసేసినా ఆ రచన లేదు.

పాట మీద హక్కు, పాటలో హక్కు

'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' అన్న గేయం ప్రయాణం ద్విపౌరసత్వానికి సాహిత్యపరమైన నిదర్శనం. ఉద్యమ వేదికల మీద పుట్టి పెరిగిన ఈ పాట తరువాత సినిమాలోకి వెళ్లింది. ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం' (1986) ద్వారా వంగపండు సినీరంగంలో కూడా పరిచితులయ్యారు. 2009లో విడుదలైన 'మగధీర'లో ఆ పాట పల్లవిని వాడుకున్నప్పుడు, తన అనుమతి తీసుకోలేదని వంగపండు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. ఆడియో హక్కులు ఉన్నవారి నుంచి కొనుగోలు చేసే వాడామని నిర్మాత పక్షం వివరణ ఇచ్చింది.

ఈ వివాదంలో శ్రోతలకు ఎదురైన చిక్కుముడి సామాన్యమైనది కాదు. ప్రజల పాట అయితే దానికి యజమాని ఉండకూడదు కదా అన్నది ఒక ప్రశ్న. యజమాని లేకపోతే ఎవరైనా వాడుకోవచ్చు కదా అన్నది దాని వెంట వచ్చే రెండవ ప్రశ్న. సొంత ఆస్తిని ప్రశ్నించిన కవి తన పాట మీద సొంతహక్కు అడగడం వైరుధ్యం కాదా అని నిరాకరణవాది అడుగుతాడు. పాట ఎక్కడ మోగినా మంచిదే కదా అని ప్రక్షాళనవాది అంటాడు.

ద్విపౌరసత్వ దృష్టితో చూస్తే ఈ ముడి కొంత విడుతుంది. పాట మీద హక్కు మొదటి పౌరసత్వానికి సంబంధించినది. దానిని కాపీరైట్ చట్టం తేలుస్తుంది, కొనవచ్చు, అమ్మవచ్చు. పాటలో హక్కు రెండవ పౌరసత్వానికి సంబంధించినది. ఊరేగింపులో గొంతు కలిపిన ప్రతివారికీ అది ఉంటుంది; దానిని ఎవరూ అమ్మలేరు, ఎందుకంటే అది ఎవరి ఒక్కరి చేతిలోనూ లేదు. వంగపండు అభ్యంతరం పైకి మొదటి హక్కు గురించి కనిపించినా, దాని బలం రెండవ హక్కు నుంచి వచ్చింది. శ్రీకాకుళ పోరాటపు జ్ఞాపకాన్ని మోస్తున్న పిలుపు ఆ జ్ఞాపకం లేని చోట ప్రేమికుల పిలుపుగా మాత్రమే మిగలడం ఆయనకూ ఆయన శ్రోతలకూ కలిగిన నొప్పి. ధర చెల్లించినంత మాత్రాన ఆ నొప్పికి సమాధానం దొరకదు.

అయితే మరొక వాస్తవాన్ని కూడా అంగీకరించాలి. ఆ సినిమా వల్ల ఉత్తరాంధ్ర క్రియారూపం తెలుగు ప్రాంతాలన్నిటా పిల్లల నోట పలికింది. 'వెళ్దాం'లోని వకారం లోపించి 'ఎల్దం' కావడం ఈ ప్రాంత భాషా లక్షణాల్లో ఒకటి. తెలుగు సినిమా ఉత్తరాంధ్ర మాటను ఎక్కువగా హాస్యపాత్రలకే కేటాయించింది. ఈ ఒక్క చోట అది నాయకుని పాటలో కూర్చుంది. ఉద్యమార్థాన్ని పోగొట్టుకున్న పాట మాండలికానికి గౌరవాన్ని సంపాదించిపెట్టింది. ఈ లాభనష్టాలను ఒకే తూకంలో వేయలేకపోవడమే శ్రోతల వాదం నేటికీ ముగియకపోవడానికి కారణం కావచ్చు.

'ఉత్తరాంధ్ర గద్దర్' అన్న పోలిక

వంగపండును పత్రికలు, వేదికలు పలుమార్లు 'ఉత్తరాంధ్ర గద్దర్' అన్నాయి. గౌరవంగా అన్న ఈ మాటను కూడా పరీక్షించాలి. వంగపండు గద్దర్ కంటే వయసులో పెద్ద. ఇద్దరూ జననాట్యమండలి వేదిక మీద సహచరులు. అయినా ఒకరి పేరు మరొకరికి కొలమానమైంది. దీని వల్ల ఉత్తరాంధ్ర కవికి తెలంగాణ కవి నీడలో ఉప పౌరసత్వం దక్కింది. జముకుల కథ నుంచి, తూర్పు భాగోతం నుంచి, షిప్‌యార్డు నుంచి వచ్చిన ఆయన వారసత్వం ఆ బిరుదులో కనిపించదు.

ఇక్కడ కూడా శ్రోతల మాట విమర్శకుల మాట కంటే సూక్ష్మంగా ఉన్నది. సభలో బిరుదుతో పిలిచే చోటే సంభాషణలో ఆయన 'మా వంగపండు' అవుతారు. 'మా' అన్న సర్వనామం పోలికను అనుమతించదు. తెలుగులో 'మా', 'మన' అన్న మాటల తేడా వ్యాకరణ విద్యార్థులకు తెలిసినదే: 'మా'లో వింటున్నవాడు చేరడు, 'మన'లో చేరతాడు. వంగపండు ఉత్తరాంధ్రవారికి బయటివారి ఎదుట 'మా వంగపండు', తమలో తాము 'మనోడు'. ఈ రెండు సర్వనామాల మధ్య దూరమే ఆయన రెండవ పౌరసత్వపు సరిహద్దు. బయటి శ్రోత ఎప్పటికైనా 'మన' అనగలిగితే ఆ సరిహద్దు జరుగుతుంది. 107 గ్రామాలను ఒక తాలూకా నుంచి మరొకదానికి జరిపిన ఉత్తర్వు ఈ పని చేయలేదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: గాయకుని రాజకీయాల గురించి శ్రోతలు అడిగే తీవ్రత పాట శ్రోతను ఎంత అడిగిందన్న దానిని బట్టి ఉంటుంది. ప్రేమపాట పాడిన విదేశీ పౌరుణ్ణి తెలుగు శ్రోత ఏమీ అడగలేదు. భూమి పాట పాడిన సొంత ఊరివాణ్ణి జీవితాంతం అడిగాడు. రెండు: నిరాకరణవాదం, ప్రక్షాళనవాదం పైకి విరుద్ధంగా కనిపించినా రెండూ ఏకపౌరసత్వ భావన మీదనే నిలబడి ఉన్నాయి. మూడు: గాయకుని పౌరసత్వం, పాట పౌరసత్వం, శ్రోత పౌరసత్వం వేరువేరు. గాయకుడు మరణించాక మొదటిది చరిత్ర అవుతుంది. రాజ్యం అవార్డులకు పేరు పెట్టుకోగలిగేది దానికే. మిగిలిన రెండింటి మీద దానికి అధికారం లేదు.

శ్రోతల వాదాలను సేకరించి, ప్రాంతాల వారీగా, తరాల వారీగా పరిశీలించే పని తెలుగు విమర్శ ముందు మిగిలి ఉంది. వంగపండును, గద్దర్‌ను వేదిక మీద విన్న తరం వృద్ధాప్యంలో ఉంది. వారి జ్ఞాపకంలో పాట పాఠాంతరాలతో పాటు ఆ పాట గురించి పడ్డ తగాదాలు కూడా ఉన్నాయి. పాఠాంతరాలను మాత్రమే సేకరించి తగాదాలను వదిలేస్తే సగం సాహిత్యచరిత్రే మిగులుతుంది.

వంగపండు ప్రసిద్ధ గేయం ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్న శ్రోతకు: బయలుదేరుతున్నాం, నువ్వూ వస్తావా అని. వచ్చినవారు కొందరు, రానివారు అనేకులు. రానివారిలో చాలామందికి ఆ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. అర్ధ శతాబ్దం తరువాత ఆ శ్రోతే గాయకుణ్ణి ఉద్దేశించి 'నువ్వు ఎవరి మనిషివి' అని అడిగినప్పుడు, తాను సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్ననే తిరిగి అప్పగిస్తున్నాడు. విమర్శ వినవలసినది ఆ ప్రశ్నలోని నిందను కాదు, దానిలో దాగిన బాకీని.